పటాన్‌చెరు ఫ్యాక్టరీకి గ్రీన్ హైడ్రోజన్ ప్లాంటు పెట్టాలట, ఎవరైనా లెక్క చూసి చెప్పండి

ట్యూబుమిల్లు_మనిషి
సోమవారం, రాత్రి 10:15

అందరికీ నమస్తే. పటాన్‌చెరు వైపు ఒక స్టెయిన్‌లెస్ స్టీల్ ట్యూబుల ఫ్యాక్టరీలో యుటిలిటీస్ చూస్తాను. కరెంటు, నీళ్లు, గ్యాసు, కంప్రెసర్లు, వీటిలో ఏది ఆగినా ముందు నాకే ఫోను వస్తుంది.

పోయిన వారం మా ఓనరు గారు హైటెక్స్‌లో ఎగ్జిబిషన్‌కు వెళ్లి ఒక బ్రోచర్ పట్టుకొచ్చారు. 1 మెగావాట్ ఎలక్ట్రోలైజర్ అట, కరెంటుతో నీటిని విడగొట్టే మిషను. నీళ్లు పోస్తే హైడ్రోజన్ వస్తుంది, పొగ ఉండదు, ఫ్యాక్టరీ మొత్తం దానిమీదే నడిపేద్దాం అంటున్నారు. జర్మనీ కస్టమరు కార్బన్ లెక్కలు అడుగుతున్నాడు, అసలు కారణం అది. శుక్రవారానికి నోట్ రాసి ఇమ్మన్నారు.

మా వాడకం చెబుతాను. బ్రైట్ ఎనీలింగ్ ఫర్నేసులో, అంటే ట్యూబును వేడిచేసి మెత్తబరిచే చోట, అది నల్లబడకుండా హైడ్రోజన్ పంపిస్తాం. గంటకు 20 ఘనపు మీటర్లు, మూడు షిఫ్టులూ. ఇప్పుడంతా సిలిండర్లే, రోజుకు 70 దాకా మారుస్తాం. రీహీటింగ్ ఫర్నేసు వేరే ఉంది, అది ప్రొపేన్ మీద నడుస్తుంది, రోజుకు 600 కిలోలు. కిలో రూ. 70 పడుతోంది. ఈ రెండింటినీ హైడ్రోజన్ మీదకు మార్చాలని ఓనరు గారి కోరిక.

నాకు హైడ్రోజన్ అంటే సిలిండరు మార్చడం వరకే తెలుసు. ఇది అయ్యే పనేనా? గ్యాసు ఎక్కడ దాచాలి? బ్రోచర్‌లో ఆ ఒక్క ముక్క తప్ప అన్నీ ఉన్నాయి.


యూనిట్ల_లెక్క
సోమవారం, రాత్రి 11:02

అన్నా, లెక్కతోనే మొదలుపెడదాం. నేను ఫ్యాక్టరీలకు ఎనర్జీ ఆడిట్లు చేస్తాను, ఇలాంటి బ్రోచర్లు ఈ మధ్య నెలకు రెండు చూస్తున్నాను.

ఒక కిలో హైడ్రోజన్ తయారు కావాలంటే 50 నుంచి 55 యూనిట్ల కరెంటు కావాలి. 52 అనుకోండి. ఆ కిలోను మంట పెడితే తిరిగి వచ్చే వేడి 33 యూనిట్లే. అంటే మంట కోసమే అయితే, తయారు చేసే దగ్గరే మూడో వంతుకు పైగా పోయింది.

మీ ప్రొపేన్ 600 కిలోలు అంటే సుమారు 7,700 యూనిట్ల వేడి. దానికి సరిపడా హైడ్రోజన్ రోజుకు 232 కిలోలు. దానికి కరెంటు 12,000 యూనిట్ల పైన. మీకు యూనిట్ రూ. 7 పడుతుందనుకుంటే రోజుకు రూ. 84 వేలు. ఇప్పుడు ప్రొపేన్‌కు మీరు కడుతున్నది రూ. 42 వేలు. మిషను ఖరీదు, దాని వడ్డీ, నీళ్లు, మెయింటెనెన్సు ఇంకా కలపనే లేదు.

డబ్బు సంగతి పక్కన పెట్టి పొగ చూద్దాం. మన గ్రిడ్‌లో బొగ్గు కరెంటే ఎక్కువ. ఒక్కో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ పడుతుంది. 12,000 యూనిట్లకు 8.4 టన్నులు. మీ 600 కిలోల ప్రొపేన్ కాలితే వచ్చేది 1.8 టన్నులు. అంటే పొగ గొట్టం మన ఫ్యాక్టరీలో కనబడదు, రామగుండంలో నాలుగున్నర రెట్లు లేస్తుంది.


ట్యూబుమిల్లు_మనిషి
సోమవారం, రాత్రి 11:20

మేడమ్, చివరి లెక్క రెండుసార్లు చదివాను. గ్రిడ్ కరెంటుతో చేస్తే అసలు గ్రీనే కాదన్నమాట?


యూనిట్ల_లెక్క
సోమవారం, రాత్రి 11:31

కాదు. 2023 ఆగస్టులో కేంద్రం గ్రీన్ హైడ్రోజన్‌కు నిర్వచనం ఇచ్చింది. కిలో హైడ్రోజన్‌కు 2 కిలోల కార్బన్ డయాక్సైడ్ మించకూడదు, 12 నెలల సగటు మీద చూస్తారు. గ్రిడ్ కరెంటుతో చేస్తే కిలోకు 36 కిలోలు వస్తుంది. సహజ వాయువు నుంచి మామూలుగా తీసే హైడ్రోజన్‌కే 9, 10 కిలోలు. అంటే గ్రిడ్‌కు తగిలించిన ఎలక్ట్రోలైజరు, అందరూ తిట్టే గ్రే హైడ్రోజన్ కంటే మూడు రెట్లు పైనే చెడ్డది. బ్రోచర్‌లో ఆకు బొమ్మ వేసినంత మాత్రాన ఏమీ మారదు.


షేర్ల_పిచ్చి
సోమవారం, రాత్రి 11:44

ఇదంతా సరే బ్రదర్స్, ఈ రంగంలో ఏ షేరు కొంటే బాగుంటుంది? రెండేళ్లకు డబుల్ అయ్యేది చెప్పండి.


మోడరేటర్
మంగళవారం, ఉదయం 6:10

షేర్ల చర్చకు వేరే విభాగం ఉంది. ఇక్కడ ఒకాయన శుక్రవారానికి నోట్ రాసుకోవాలి.


పాల్వంచ_పెద్దాయన
మంగళవారం, ఉదయం 6:48

బాబూ, నేను థర్మల్ స్టేషన్‌లో హైడ్రోజన్ ప్లాంటు ఆపరేటరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు మా అబ్బాయి దగ్గర కూకట్‌పల్లిలో ఉంటున్నాను. ఈ ఎలక్ట్రోలైజరు కొత్త వింత అన్నట్టు పేపర్లో రాస్తుంటే నవ్వొస్తుంది. పెద్ద జనరేటర్లను లోపల చల్లబరిచేది హైడ్రోజనే. గాలి కన్నా తేలిక, వేడిని బాగా లాగుతుంది. అందుకే పెద్ద థర్మల్ స్టేషన్లలో చిన్న హైడ్రోజన్ ప్లాంటు ఒకటి మూలన ఉంటుంది. కాస్టిక్ పొటాష్ కలిపిన నీళ్లు, నికెల్ ప్లేట్లు, మధ్యలో రెండు గ్యాసులు కలవకుండా డయాఫ్రమ్ అనే తెర, రెక్టిఫయర్ నుంచి డీసీ కరెంటు. సంగతి అంతే.

మన దేశంలో ఇంకా పెద్దది ఎప్పుడో నడిచింది. పంజాబ్‌లో నంగల్ ఎరువుల ఫ్యాక్టరీ, 1961. భాక్రా డ్యామ్ నీటి కరెంటుతో నీటిని విడగొట్టి, ఆ హైడ్రోజన్‌తో అమ్మోనియా, దాంతో ఎరువు. అక్కడే 1962లో దేశంలో మొదటి హెవీ వాటర్ (అణు రియాక్టర్లకు వాడే భారజలం) ప్లాంటు. అప్పుడు దాన్ని గ్రీన్ అనలేదు, కరెంటు చవగ్గా ఉంది కాబట్టి చేశారు. తర్వాత ఆ కరెంటుకు వేరే గిరాకీ పెరిగింది, వాళ్లు ఇంధన నూనె దారికి మారారు. కరెంటు చవకైతే నడుస్తుంది, లేకపోతే ఆగుతుంది. అరవై ఏళ్ల కింద ఇదే మాట, ఇప్పుడూ ఇదే మాట.

మీ బ్రైట్ ఎనీలింగ్ సంగతి మాత్రం వేరు. దాని గురించి సాయంత్రం రాస్తాను, మనవడిని స్కూలుకు దింపాలి.


కంది_పీహెచ్‌డీ
మంగళవారం, మధ్యాహ్నం 1:25

పెద్దాయన చెప్పిన నికెల్ ప్లేట్ల రకాన్నే ఇప్పుడు ఆల్కలైన్ అంటున్నారు. నేను చదువుతున్నదీ దాని మీదే. ఇంకో రకం పీఈఎం, డయాఫ్రమ్ బదులు ప్లాస్టిక్ లాంటి పలుచని పొర ఉండేది. దానికి ఇరిడియం, ప్లాటినం కావాలి, ఇరిడియం బంగారం కంటే అరుదైన లోహం. మూడోది 700 డిగ్రీల పైన ఆవిరితో నడిచేది. వేస్ట్ హీట్ పుష్కలంగా ఉన్నచోట అది కరెంటు బాగా ఆదా చేస్తుంది, కానీ మీకు ఇప్పుడే అక్కర్లేదు.

"సోలార్ తగిలించేద్దాం, సమస్య తీరిపోతుంది" అని ఎవరైనా అనేలోపు ఒక మాట చెప్పాలి. ఆల్కలైన్ మిషను సూర్యుడితో పాటు లేచి పడుకోవడానికి ఇష్టపడదు. లోడు బాగా తగ్గించి, 20 శాతం దగ్గరకు తెస్తే, తయారయ్యే గ్యాసు తగ్గుతుంది కానీ డయాఫ్రమ్ గుండా అటు ఇటు దాటే గ్యాసు అంతగా తగ్గదు. ఆక్సిజన్ వైపు హైడ్రోజన్ శాతం పెరుగుతుంది. 4 శాతం దాటితే అంటుకునే మిశ్రమం, అందుకే 2 శాతం దగ్గరే మిషను ట్రిప్ అయ్యేలా పెడతారు. ఇక రోజూ ఆపి మళ్లీ మొదలుపెడుతుంటే, ఆపినప్పుడల్లా సెల్స్‌లో కరెంటు కాసేపు వెనక్కి నడిచి ఎలక్ట్రోడు పూత తినేస్తుంది. మా ల్యాబులో ఈ ఒక్క బాధ మీదే మూడేళ్లుగా కూర్చున్నాను, గైడు గారు ఇంకా థీసిస్ రాయనివ్వడం లేదు.


స్టీల్_సీను
మంగళవారం, సాయంత్రం 5:50

తమ్ముడు ట్యూబుమిల్లు, నీ ఫర్నేసుకు పనికిరాదన్నారని హైడ్రోజన్‌నే తీసిపారేయకు. మంట కోసం వాడితే దండగ. అణువుగా వాడితే దానికి సాటి లేదు. నేను మెటలర్జీ వాడిని, విశాఖలో బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర పదేళ్లు చేసి ఇక్కడికి వచ్చాను.

ఇనుప రాయిలో ఇనుము ఆక్సిజన్‌తో కలిసి ఉంటుంది. ఆ ఆక్సిజన్‌ను లాగడానికే మనం కోక్ అనే బొగ్గు పోస్తున్నాం. కార్బన్ ఆక్సిజన్‌ను పట్టుకుపోయి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది, టన్ను ఉక్కుకు రెండు టన్నుల పైమాటే. కోక్ బదులు హైడ్రోజన్ పంపితే పైనుంచి వచ్చేది నీటి ఆవిరి. టన్ను ఇనుముకు కాగితం మీద 54 కిలోల హైడ్రోజన్ చాలు. ఒక్క చిక్కు ఏమిటంటే ఈ చర్య వేడిని మింగుతుంది, గ్యాసును బయటే బాగా కాచి పంపాలి.

స్వీడన్‌లో లూలియో అనే ఊళ్లో హైబ్రిట్ అని పెట్టి 2021లోనే ఇలా స్పాంజ్ ఐరన్ (కరిగించకుండా ఆక్సిజన్ లాగేసిన ఇనుము) తీశారు. స్పాంజ్ ఐరన్ మనకు కొత్తా? దేశంలో మొదటి స్పాంజ్ ఐరన్ ప్లాంటు మన పాల్వంచలోనే 1980లో మొదలైంది. బొగ్గుతో నడిచేది. 2010లో మాసాబ్ ట్యాంకులో ఆఫీసున్న ప్రభుత్వ గనుల కంపెనీ ఎన్‌ఎండీసీలో కలిపేశారు.

ఇప్పుడు సైజు చూడు. విశాఖ స్టీలు సామర్థ్యం ఏడాదికి 73 లక్షల టన్నులు. అదంతా హైడ్రోజన్ మీదకు మారిస్తే 4 లక్షల టన్నుల హైడ్రోజన్ కావాలి. కేంద్రం 2023 జనవరిలో మొదలుపెట్టిన గ్రీన్ హైడ్రోజన్ మిషన్ లక్ష్యం 2030కి దేశం మొత్తానికి 50 లక్షల టన్నులు. అంటే ఒక్క ప్లాంటే అందులో పన్నెండో వంతు తాగేస్తుంది. ఉక్కు వాళ్లకు హైడ్రోజన్ కావాలంటే ఎంత కావాలో జనానికి ఊహ లేదు.


మంజీరా_నీళ్లు
మంగళవారం, రాత్రి 8:05

మీరంతా కరెంటు గురించే మాట్లాడుతున్నారు. నీళ్లు? ఎండాకాలం వస్తే మా కాలనీలో ట్యాంకరు కోసం ఫోన్లు చేసి చేసి అలసిపోతాం. ఇప్పుడు తాగే నీళ్లను కూడా విడగొట్టి గ్యాసు చేస్తారా?


యూనిట్ల_లెక్క
మంగళవారం, రాత్రి 8:40

కోపం న్యాయమే కానీ లెక్క చూడండి సార్. కిలో హైడ్రోజన్‌కు 9 లీటర్ల శుద్ధమైన నీళ్లు. ఆర్వోలో పోయేది, మిగతా వృథా కలిపితే 20 అనుకుందాం. ఈ అన్నకు ఎనీలింగ్ కోసం రోజుకు 43 కిలోల హైడ్రోజన్ కావాలి. 860 లీటర్లు. మీ మేడ మీది నల్ల ట్యాంకు ఒకటి. కూలింగ్‌కు ఇంకొంచెం. అదే 1 మెగావాట్ మిషను రోజంతా నడిస్తే 460 కిలోలు, 9,200 లీటర్లు, అంటే దాదాపు పెద్ద ట్యాంకరు ఒకటి. ఆ ట్యాంకరు ఎక్కడ నుంచి వస్తుందని అడగాల్సిందే.

పెద్ద ప్రాజెక్టులు సముద్రం ఒడ్డుకు పోవడానికి ఒక కారణం ఇది. అచ్యుతాపురం దగ్గర పూడిమడకలో ఎన్టీపీసీ హబ్‌కు 2025 జనవరిలో శంకుస్థాపన చేశారు. అక్కడ రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ అన్నారు. విడగొట్టే నీళ్లే రోజుకు కోటీ 35 లక్షల లీటర్లు. కానీ సముద్రపు నీటిని మంచినీరు చేయడానికి వెయ్యి లీటర్లకు 3, 4 యూనిట్లు చాలు. 52 యూనిట్ల పక్కన అది లెక్కలోకే రాదు. ఒడ్డున నీటికి ఇబ్బంది లేదు. పటాన్‌చెరులో ఉంది.


పాల్వంచ_పెద్దాయన
మంగళవారం, రాత్రి 9:15

ఇప్పుడు బాబు అడిగిన అసలు ప్రశ్న, ఎక్కడ దాచాలి అన్నది. బ్రోచర్‌లో ఆ ముక్క లేదంటే నాకు ఆశ్చర్యం లేదు. తయారు చేయడం మూడు రోజుల్లో నేర్చుకోవచ్చు. దాచడం ముప్పై ఏళ్లయినా భయంగానే ఉంటుంది.

నువ్వు మార్చే ఎర్ర సిలిండరు ఎత్తి చూశావుగా, ఎంత బరువు? యాభై కిలోల పైనే. అందులో గ్యాసు ఎంత? 150 బార్ ఒత్తిడిలో నింపితే 7 ఘనపు మీటర్లు, తూకం వేస్తే 600 గ్రాములు. అంటే రోజూ 70 ఇనప బుడ్లు పటాన్‌చెరు రోడ్డు మీద తిప్పుతూ మోసేది 43 కిలోల సరుకు.


స్టీల్_సీను
మంగళవారం, రాత్రి 9:40

పెద్దాయన లెక్కనే ఉక్కుకు వేస్తాను. ఏడాదికి 10 లక్షల టన్నులు తీసే చిన్న ప్లాంటు అనుకోండి. రోజుకు 150 టన్నుల హైడ్రోజన్. సోలార్ మీద నడిపితే సూర్యుడు లేని 14 గంటలకు 88 టన్నులు దాచిపెట్టాలి. ఈ ఎర్ర సిలిండర్లలో అయితే 1 లక్షా 46 వేల సిలిండర్లు. ఒక్క రాత్రికి. వానాకాలంలో నాలుగు రోజులు ముసురు పడితే ఏం చేస్తారో మీరే ఊహించుకోండి.

ఫర్నేసును రాత్రి ఆపి పొద్దున వెలిగించడానికి అది మన ఇంటి పొయ్యి కాదు.


కంది_పీహెచ్‌డీ
మంగళవారం, రాత్రి 10:30

అందుకే ప్రపంచంలో పెద్ద ఎత్తున దాచినవాళ్లు భూమి కిందికే పోయారు. ఇంగ్లండ్‌లో టీసైడ్ దగ్గర 1972 నుంచి ఉప్పు గుహల్లో హైడ్రోజన్ దాస్తున్నారు. అమెరికాలో టెక్సస్‌లో 1983 నుంచి. భూమి లోపలి ఉప్పు పొరను నీటితో కరిగించి గుహ చేస్తారు. ఉప్పు గ్యాసును వదలదు, పగుళ్లు వచ్చినా తనంతట తనే పూడుకుంటుంది.

మన కింద ఏముంది? గ్రానైటు. ఖాజాగూడ వెళ్లి చూస్తే చాలు. అయితే గ్రానైటు ఉన్నచోట కూడా దారి ఉంది. సీను గారు చెప్పిన లూలియోలోనే 2022లో గట్టి రాతిలో 100 ఘనపు మీటర్ల గుహ తవ్వి, లోపల ఉక్కు పొర వేసి, 250 బార్ దాకా హైడ్రోజన్ నింపి పరీక్షించారు. ఒత్తిడిని రాయి మోస్తుంది, గ్యాసును ఉక్కు ఆపుతుంది.


స్టీల్_సీను
మంగళవారం, రాత్రి 10:52

విశాఖలో కొండ కింద రాతి గుహల్లో ఎల్పీజీ దాస్తున్నారు కదా, 2007 నుంచి, 60 వేల టన్నులు. పక్కనే ముడి చమురుకు ఇంకో గుహ, 13.3 లక్షల టన్నులు. వాటికి ఉక్కు పొర లేదు. చుట్టూ రాతిలో ఉన్న నీటి ఒత్తిడే గ్యాసును లోపలికి నొక్కి పట్టుకుంటుంది. హైడ్రోజన్‌కు అదే చేయొచ్చా?


కంది_పీహెచ్‌డీ
మంగళవారం, రాత్రి 11:08

అన్నా, 200 మీటర్ల లోతులో నీటి ఒత్తిడి 20 బార్. ఎల్పీజీకి అది చాలు, ఎందుకంటే కాస్త ఒత్తిడికే ద్రవమైపోతుంది. హైడ్రోజన్ ఎంత నొక్కినా మామూలు వేడిలో ద్రవం కాదు, 20 బార్‌లో పెడితే ఘనపు మీటరుకు కిలోన్నరకు కాస్త పైన మాత్రమే పడుతుంది. గుహ తవ్విన ఖర్చు రాదు. 200 బార్‌కు వెళ్లాలంటే ఉక్కు పొర తప్పదు. ఆ ఉక్కు కూడా ఏది పడితే అది కాదు, హైడ్రోజన్ పరమాణువులు లోహంలోకి దూరి పెళుసు చేస్తాయి.

ద్రవం చేయాలంటే మైనస్ 253 డిగ్రీలకు చల్లార్చాలి, కిలోకు ఇంకో 10, 12 యూనిట్లు. రాకెట్ల వాళ్లకు సరే.


ట్యూబుమిల్లు_మనిషి
బుధవారం, ఉదయం 7:30

రాత్రంతా చదివాను. మరి కాకినాడలో, పూడిమడకలో పెడుతున్నవాళ్లు ఎక్కడ దాస్తారు? వాళ్లకు తెలియదా ఇదంతా?


యూనిట్ల_లెక్క
బుధవారం, ఉదయం 9:12

తెలుసు. అందుకే వాళ్లు హైడ్రోజన్‌గా ఎక్కువసేపు ఉంచరు. అమ్మోనియా చేసేస్తారు. గాలిలోని నైట్రోజన్ కలిపితే అమ్మోనియా, మైనస్ 33 డిగ్రీల్లోనే ద్రవం. తూకంలో 17.6 శాతం హైడ్రోజన్. దానికి ట్యాంకులు, ఓడలు, రేవులు, అలవాటైన మనుషులు, అన్నీ ఎప్పటినుంచో ఉన్నాయి. కాకినాడలో ఏఎం గ్రీన్ ఏడాదికి 10 లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియా అంటోంది. వాళ్ల ఆఫీసు మన హైదరాబాదే. కరెంటును కూడా దాచాలి కాబట్టి కర్నూలు పక్కన పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ వచ్చింది. పగలు సోలార్‌తో నీళ్లు పైకి తోడి, రాత్రి కిందికి వదులుతారు. గ్యాసును దాచడం కన్నా నీళ్లను గుట్ట మీద దాచడం తేలికన్నమాట.

ధర కూడా దిగుతోంది. 2025లో కేంద్ర ప్రభుత్వ సోలార్ సంస్థ సెకీ వేలంలో పారాదీప్ ఫాస్ఫేట్స్ కోసం గ్రీన్ అమ్మోనియా కిలో రూ. 55.75కు వచ్చింది. పానిపట్ రిఫైనరీకి గ్రీన్ హైడ్రోజన్ కిలో రూ. 397.


మంజీరా_నీళ్లు
బుధవారం, ఉదయం 10:20

అయితే రామగుండం ఎరువుల ఫ్యాక్టరీకే ఇది ఇవ్వొచ్చుగా? మన రైతులకు గ్రీన్ యూరియా.


స్టీల్_సీను
బుధవారం, మధ్యాహ్నం 12:45

మంచి ప్రశ్న, కానీ అందులో ఒక తిరకాసు ఉంది. యూరియాకు అమ్మోనియాతో పాటు కార్బన్ డయాక్సైడ్ కావాలి, టన్నుకు ముప్పావు టన్ను దాకా. రామగుండంలో సహజ వాయువు నుంచి హైడ్రోజన్ తీస్తున్నప్పుడు ఆ కార్బన్ డయాక్సైడ్ ఊరికే వస్తుంది. గ్యాసు మానేసి నీటి హైడ్రోజన్ వాడితే అమ్మోనియా ఉంటుంది, కార్బన్ డయాక్సైడ్ ఉండదు. బయట కొని తెచ్చుకోవాలి. డీఏపీకి ఆ బాధ లేదు, అందుకే గ్రీన్ అమ్మోనియా ముందు ఫాస్ఫేటు ఎరువుల వాళ్లకు పోతోంది.

సిమెంటు వాళ్లదీ ఇలాంటి కథే. నల్గొండ, సూర్యాపేట వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో బొగ్గు మంట మార్చినా, పొగలో సగం పైన సున్నపురాయి లోంచే వస్తుంది. దానికి హైడ్రోజన్ చేసేదేమీ లేదు.


పాల్వంచ_పెద్దాయన
బుధవారం, సాయంత్రం 6:30

పాత రామగుండం ఫ్యాక్టరీ బొగ్గు నుంచే అమ్మోనియా తీసేది, 1980లో మొదలై 1999లో మూతపడింది. మా బ్యాచ్ వాళ్లు ఇద్దరు అక్కడ చేశారు. సరే, అది వేరే ముచ్చట.

బాబూ, నీ ఎనీలింగ్ సంగతి. అక్కడ నీకు హైడ్రోజన్ వేడి కోసం కాదు, ట్యూబు మెరుపు కోసం. దాని బదులు మామూలుగా వాడేది క్రాక్ చేసిన, అంటే వేడితో విడగొట్టిన, అమ్మోనియా ఒక్కటే. కాబట్టి అక్కడ ఎలక్ట్రోలైజరు న్యాయం. గంటకు 20 ఘనపు మీటర్లంటే ఎంత కరెంటు, ఘనపు మీటరుకు 5 యూనిట్ల లోపే. 100 కిలోవాట్ల మిషను చాలు. నీకు మెగావాట్ అమ్మాలని చూసినవాడు పదింతలు అమ్ముతున్నాడు.

దాచడం కూడా తేలిక, వాడే చోటే తయారవుతుంది కాబట్టి. 15 బార్‌లో గ్యాసు ఇచ్చే మిషను తీసుకో, కంప్రెసరు అక్కర్లేదు. హైడ్రోజన్ కంప్రెసరు అంత పేచీకోరు మిషను ఇంకోటి లేదు. 10 ఘనపు మీటర్ల ట్యాంకు పెట్టుకుంటే 15 బార్ నుంచి 2 బార్‌కు దిగేదాకా 130 ఘనపు మీటర్లు వస్తుంది. ఆరు గంటల పైన కరెంటు లేకపోయినా ఫర్నేసు ఆగదు. సిలిండర్లు మొత్తం తీసేయకు, ఒక వరుస ఉంచు.


ట్యూబుమిల్లు_మనిషి
బుధవారం, రాత్రి 9:55

పెద్దాయన గారూ, కడుపు నిండిపోయింది. మా సిలిండరు బిల్లు చూశాను. అద్దె, రవాణా కలిపి ఘనపు మీటరుకు రూ. 60 దాటుతోంది. 5 యూనిట్లకు రూ. 35. మిషను ఖర్చు కలిపినా ఆలోచించదగ్గదే.

కానీ మేడమ్, గ్రీన్ కావాలంటే? రోజుకు 2,400 యూనిట్లు. మా షెడ్ల మీద 300 కిలోవాట్ల సోలార్ పడుతుందని ఒకసారి కొలిచారు.


యూనిట్ల_లెక్క
బుధవారం, రాత్రి 10:20

మన దగ్గర ఒక కిలోవాట్ ప్యానెల్‌కు రోజుకు సగటున 4 యూనిట్లు. మీ 300కు 1,200. సగం వచ్చింది. మిగతా సగం ఓపెన్ యాక్సెస్‌లో, అంటే బయటి ఉత్పత్తిదారు దగ్గర నేరుగా, గాలి, సోలార్ కరెంటు కలిపి కొనుక్కోవాలి. మిషను 24 గంటలూ నిలకడగా నడుస్తుంది కాబట్టి పీహెచ్‌డీ తమ్ముడు చెప్పిన ఆపడం, లేపడం బాధ ఉండదు.

రీహీటింగ్ ఫర్నేసు మార్చాలని ఓనరు గారు పట్టుబడితే, హైడ్రోజన్ కాదు, ఇండక్షన్ హీటర్ వేయమనండి. 52 యూనిట్లు పెట్టి 33 యూనిట్ల మంట కొనేకన్నా కరెంటునే నేరుగా ట్యూబుకు ఎక్కించడం నయం.

ఇంకోటి, జర్మనీ కస్టమరు అడుగుతున్నది యూరప్ కార్బన్ పన్ను లెక్క. 2026 జనవరి నుంచి డబ్బు లెక్క మొదలైంది. ఆ లెక్కలో మీ ఎనీలింగ్ వాటా చిన్నది. పెద్ద వాటా మీరు కొనే స్టీలుదే. ముందు మీ సప్లయరు దగ్గర అతని స్టీలు ఎలా కరిగించాడో అంకెలు రాయించుకోండి. దానికి మిషనేమీ కొననక్కర్లేదు, నాలుగు ఈమెయిళ్లు చాలు.


ట్యూబుమిల్లు_మనిషి
బుధవారం, రాత్రి 10:34

నాలుగు కాదు మేడమ్, మా సప్లయరుకు నలభై పెట్టాలి.

ఇంకో డౌటు. ఆక్సిజన్ కూడా వస్తుంది కదా, హాస్పిటళ్లకు అమ్ముదాం అన్నారు ఓనరు గారు. 2021లో ఆక్సిజన్ కోసం ఆయనే ఊరంతా తిరిగారు, అప్పటినుంచి ఆ మాట వింటే ఆగరు.


పాల్వంచ_పెద్దాయన
గురువారం, ఉదయం 6:20

గంటకు 10 ఘనపు మీటర్లు వస్తుంది, సిలిండరున్నర. దానికి కంప్రెసరు, మెడికల్ లైసెన్సు, టెస్టింగు. వదిలెయ్. పైకి వదిలెయ్ అంటే నిజంగానే పైకి, హైడ్రోజన్ వెంట్‌కు దూరంగా.

ఇక భద్రత. ట్యాంకుకు పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) అనుమతి ముందే తీసుకో, లేటవుతుంది. హైడ్రోజన్ రూముకు పైకప్పు మూసి కట్టొద్దు. కప్పులో ఎక్కడ ఎత్తు ఉంటే అక్కడ చేరుతుంది, డిటెక్టరు కూడా అక్కడే పెట్టాలి. గాలిలో 4 శాతం నుంచి 75 శాతం దాకా ఎంతున్నా అంటుకుంటుంది. లైను తెరిచే ముందు నైట్రోజన్‌తో కడగాలి. జనరేటరులో మేము కార్బన్ డయాక్సైడ్ వాడేవాళ్లం. గాలీ హైడ్రోజనూ ఎప్పుడూ ఎదురుపడకూడదు, మధ్యలో ఒకడు ఉండాలి.

ఒక్కటి మాత్రం కుర్రాళ్లకు నువ్వే చూపించు. హైడ్రోజన్ మంట పగలు కంటికి కనపడదు. లీకు అంటుకుని ఉందేమో తెలియని చోటికి మేము చీపురు ముందు పెట్టుకుని నడిచేవాళ్లం. చీపురు కాలిందా, అక్కడే ఆగు.


కంది_పీహెచ్‌డీ
గురువారం, ఉదయం 9:05

మా ల్యాబులో దానికి లక్షల ఖరీదు కెమెరా ఉంది.


పాల్వంచ_పెద్దాయన
గురువారం, ఉదయం 9:30

మంచిదే బాబూ. కెమెరా పక్కన చీపురు కూడా ఉంచు, కరెంటు పోతుంది.


ట్యూబుమిల్లు_మనిషి
శనివారం, రాత్రి 8:40

నోట్ ఇచ్చాను. ప్రొపేన్ ఫర్నేసు జోలికి ఇప్పుడు వెళ్లడం లేదు, ఇండక్షన్ కొటేషను తెప్పించమన్నారు. 100 కిలోవాట్ల మిషనుకు ముగ్గురి దగ్గర ధర అడుగుతున్నాం. కార్బన్ లెక్క చూపించినప్పుడు ఓనరు గారు బ్రోచర్ తిరగేసి ఆకు బొమ్మ వైపు కాసేపు చూశారు, ఏమీ అనలేదు.

ట్యాంకు ఎక్కడ పెట్టాలన్నది తేలలేదు. క్యాంటీన్ వెనక ఖాళీ ఉంది కానీ అక్కడ గ్యాసు పొయ్యిలు. సైకిల్ స్టాండు తీసేద్దామంటే యూనియన్ వాళ్లు ఒప్పుకోవడం లేదు. స్థలం కొలతలు రేపు పెడతాను, పెద్దాయన గారు ఒకసారి చూడాలి.


పాల్వంచ_పెద్దాయన
శనివారం, రాత్రి 9:02

క్యాంటీన్ వైపు వద్దే వద్దు. సోమవారం ఖాళీగానే ఉంటాను, 218 బస్సెక్కి నేనే వస్తాను. గేటు దగ్గర పేరు చెప్పిపెట్టు.